మేస్త్రీ మార్చనన్న పలకలు

జైలు వర్క్‌షాపులో వడ్రంగి మేస్త్రీ అంటే అతనొక్కడే. పందొమ్మిదేళ్ళుగా అక్కడ విరిగిన ప్రతి బల్లా, కుంగిన ప్రతి తలుపూ అతని చేతిమీదుగా బాగుపడ్డవే. మోకాళ్ళు అరిగాయి, చూపు మందగించింది. రిటైరవడానికి ఇంకా మూడు నెలలుంది. అవి కూడా ఎవరి కంటా పడకుండా గడిచిపోతే చాలనుకుంటుండగా జైలరు కబురు పెట్టాడు.

వెనక ఆవరణలో, పదకొండేళ్ళుగా తాళం తీయని ఉరి గదికి తీసుకెళ్ళాడు. మధ్యలో ఎత్తయిన అరుగు, దాని మీద రెండు చెక్క రెక్కలు. ఇనప మీట లాగితే ఆ రెక్కలు కిందికి జారిపోవాలి. జైలరు బూటుకాలితో ఒక రెక్కని నొక్కాడు. మెత్తగా దిగబడింది.

"చెదలు. రెండూ మార్చాలి. ఇరవై రెండో తేదీ లోపల," అన్నాడు.

ఎవరి కోసమో మేస్త్రీకి తెలుసు. ఊరందరికీ తెలుసు. చర్చిలో తన ముందు వరసలో కూర్చునే రిటైర్డు బస్సు డ్రైవరు కూతుర్ని చంపినవాడి కోసం. ఆ పిల్ల సమాధిలో మేస్త్రీ కూడా గుప్పెడు మట్టి వేసి వచ్చాడు.

అలవాటు కొద్దీ టేపు తీసి పొడవు కొలిచాడు. వెడల్పు కొలవబోయి ఆగాడు. టేపు చుట్టేసి, మోకాళ్ళ మీద నుంచి లేచాడు.

"నా వల్ల కాదు సార్."

"మోకాళ్ళ నొప్పులా?"

"అది కాదు సార్. మనిషిని చంపేదానికి చెక్క కొయ్యలేను. రేపు ప్రభువు ముందు నిలబడి ఏం చెప్పుకోను?"

జైలరు గోడకి ఆనుకున్నాడు. అతని మొహమూ పీక్కుపోయి ఉంది. "చంపేది చట్టం, మేస్త్రీ. నువ్వు పలకలు మారుస్తావు, నేను సంతకం పెడతాను, ఇంకొకడు మీట లాగుతాడు. ఇన్నేళ్ళూ ఖైదీల గదులకి తలుపులు బిగించావుగా. అప్పుడు అడ్డం రాలేదా దేవుడు?"

"ఆ తలుపులు మళ్ళీ తెరుచుకుంటాయి కదా సార్."

అనేశాక అది సరైన జవాబో కాదో అతనికే తేలలేదు. చచ్చేదాకా బయటికి రానివాళ్ళ గదులకీ తలుపులు బిగించింది తనే.

"రేపు చెప్పు. కాదంటే మాత్రం మెమో ఇవ్వక తప్పదు నాకు," అన్నాడు జైలరు.

ఇంట్లో భార్య అంతా విని, తరుగుతున్న ఉల్లిపాయ పక్కన పెట్టింది.

"మూడంటే మూడు నెలలు. కళ్ళు మూసుకుని చేసెయ్యలేరా?"

"సగం దాకా అలాగే కొలిచాను."

"మీరు కాదంటే వాడు బతుకుతాడా?"

"బతకడు."

"మరింకెందుకు?"

సాయంత్రం పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"అధికారులకి లోబడమన్నదీ దేవుడే, చంపొద్దన్నదీ ఆయనే. రెండింటి మీదా ప్రసంగాలు చేశాను. రెండూ ఒకే ఆదివారం ఎప్పుడూ చెప్పలేదు," అన్నారు. "నీ మనస్సాక్షి బరువు నేను మొయ్యలేను బాబూ. ప్రార్థన మాత్రం చేస్తాను."

మర్నాడు మేస్త్రీ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి ఇచ్చాడు. జైలరు చదివి మెమో చేతిలో పెట్టాడు. వర్క్‌షాపు తాళాలు తీసుకుని అతన్ని స్టోరు గదిలో కూర్చోబెట్టారు. వారం తిరక్కుండా బయటి కాంట్రాక్టరు మనుషులొచ్చి ఒక్క పూటలో పని ముగించుకుని పోయారు. రంపం చప్పుడు స్టోరు దాకా వినబడింది. చెక్క సరిగ్గా ఆరలేదని ఆ చప్పుడుకే తెలిసిపోయింది. వెళ్ళి చెబుదామా అనుకుంటూ లేవబోయి, తన మీద తనకే రోత పుట్టి కూలబడ్డాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర డ్రైవరు కాచుకుని ఉన్నాడు.

"చెయ్యనన్నావట, తమ్ముడూ."

"అవునన్నా."

"నా కూతురు నిన్ను బాబాయ్ అని పిలిచేది."

"మర్చిపోలేదన్నా."

"వాడి మీద అంత జాలా నీకు?"

"జాలి కాదన్నా. వాడి మొహం తలుచుకుంటే నాకూ ఒళ్ళు మండిపోతుంది. ఆ మంటతో చెక్క కోస్తే, చంపింది చట్టం కాదు, నేనే అవుతాను."

డ్రైవరు అరవలేదు. "నీది భక్తి అంటారు, నాది పగ అంటారు. నాకు ఓపిక అయిపోయింది, తమ్ముడూ," అని భార్య చెయ్యి పట్టుకుని నడిచిపోయాడు. ఆ తర్వాత వాళ్ళు ఆ చర్చికి రాలేదు.

ఇరవై రెండో తేదీ పొద్దున మేస్త్రీ డ్యూటీకి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. గేటు బయట బెంచీ మీద ఒక ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. కొడుకు శవం కోసం వచ్చిందట. శవం చుట్టడానికి జైలు వాళ్ళు ఇచ్చేది దుప్పటి ఒక్కటే. మేస్త్రీ సెలవు చీటీ రాసిచ్చి ఇంటికెళ్ళాడు. బీరువా కోసం దాచుకున్న చెక్కలు పెరట్లో ఉన్నాయి. భార్య ఏమీ అడగలేదు, పక్కన కూర్చుని మేకులు అందించింది. మధ్యాహ్నానికి శవపెట్టె తయారైంది. అద్దె బండి మీద వేసుకుని గేటు దగ్గరికి తీసుకొచ్చాడు.

ముసలావిడ పెట్టె అంచుల్ని వేళ్ళతో తడిమింది. ఎక్కడా గరుకు లేదు.

"లోపలి వడ్రంగివి నువ్వేనా బాబూ?"

"అవునమ్మా."

"వాడు నిలబడ్డ చెక్క కూడా నువ్వే చేశావా?"

"లేదమ్మా. నేను చెయ్యలేదు."

ఈ ఒక్క మాట అనగలగడానికేనా ఇదంతా పడ్డది అనిపించిందతనికి. ఆవిడ తలూపింది.

"ఎవరో ఒకళ్ళు చేసుంటార్లే," అంది. "అటుపక్క పట్టుకో బాబూ. నేనొక్కదాన్నీ ఎత్తలేను."

మేస్త్రీ మెల్లగా వంగి రెండో వైపు పట్టుకున్నాడు.