జొహరాబీ తలుపు

నా చేతులు మగ్గం మీద కన్నా హార్మోనియం మీదే బాగా ఆడతాయని మా అమ్మ తిట్టేది. ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంట్లో అది పెద్ద తిట్టే. ఆ తిట్టే తర్వాత నాకు అన్నం పెట్టింది. ఆదోని జొహరాబీ పక్కన కూర్చుని చాలా ఏళ్లు వాయించాను.

మొదట్లో ఆమె ఊరూరా పద్యనాటకాల్లో సత్యభామ వేసేది. కృష్ణుడు ఆ ఊరి రైతే. పద్యం మధ్యలో దగ్గుతాడు, మీసం మాత్రం తియ్యనంటాడు. వాళ్లతో విసిగిపోయి డెబ్బై తొమ్మిదిలో తన కథే నాటకంగా కట్టుకుని, ఒక్కతే ఆడటం మొదలుపెట్టింది. అందులో కల్పించిందేమీ లేదు. వాళ్ల నాన్న ఇమాం సాబ్ మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు. కూతురు ముఖానికి రంగు వేసుకున్న రోజు నుంచి ఆమెతో పలకలేదు. ఆమె కూడా ఆ గడప తొక్కలేదు. ఇద్దరికిద్దరూ మొండిఘటాలు.

నాటకం చివర్లో ఆమె, వేదిక మీద లేని తలుపు ముందు నిలబడి, తలుపు తీయమని తండ్రిని పిలిచి ఊరుకుంటుంది. జవాబు రాదు. ఆ మౌనంలోనే వెనుదిరిగి పోవాలి. నాటకమంతా ఆ మౌనం కోసమే. మా సీమ జనం ఊరుకుంటారా? ప్రతి ఊళ్లో సగంమంది ఏదో ఒక వేషం కట్టినవాళ్లే. ఎదుటి పాత్ర మాట మరిచిపోయిందనుకుని, తండ్రి జవాబు తామే అందించేస్తారు. హాలహర్విలో ఒక ముసలాయన లేచి నిలబడి, తీస్తాండా తల్లీ, రా అన్నాడు. జొహరాబీ ఆ పూట అన్నం ముట్టలేదు. నవ్వితే తంతుందని నేను హార్మోనియం తుడుస్తూ కూర్చున్నాను.

ఎనభై మూడు వేసవిలో, మిల్లు సెలవు రోజు మధ్యాహ్నం, ఆదోనిలో ఆ మిల్లు ఆవరణలోనే ఆట. షెడ్డు రేకుల సందుల్లోంచి పడే ఎండలో దూది తేలుతోంది. మనుషుల తలల మీద, నా భుజాల మీద, ఆమె కొప్పు మీద వాలుతోంది. అదంతా జరిగిందా, నిద్రలో చూశానా అని నాకిప్పటికీ సందేహమే. వెనక బేళ్ల మీద ఇమాం సాబ్ కూర్చుని ఉన్నాడు. అందరూ చూశారు. ఆమె కూడా చూసింది.

"అబ్బాజాన్, తలుపు తీయి."

ఎవరూ అందించలేదు. ఇన్నేళ్లు ఆమె కోరుకున్న మౌనం దొరికింది. తీరా దొరికాక ఆమె కాళ్లు కదల్లేదు. నాకు భయమేసింది.

ఇమాం సాబ్ లేచాడు. ఇంట్లో వాళ్ల మాట ఉర్దూ. అందరికీ తెలియాలనేమో తెలుగులోనే అన్నాడు.

"నేను గడియ ఎప్పుడు పెట్టినానే? ఊరూరా నిలబడి పిలుస్తాండావంట. ఒక్కసారన్నా వచ్చి నెట్టి సూసినావా?"

అనేసి వెళ్లిపోయాడు. ఆట అక్కడే ఆగిపోయింది. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

తర్వాతి ఆట కౌతాళంలో. ఆ ఘట్టం రాగానే మగాళ్లు గొంతులు సవరించుకున్నారు. జొహరాబీ పిలవలేదు. చెయ్యి చాచి, లేని తలుపును మెల్లగా నెట్టి, లోపలికి పోయింది.