రెండు చెంబుల నీళ్లు

నాకు ముప్పై రెండేళ్లు నిండాక లారీ పాఠాలు మొదలయ్యాయి. వరసగా మూడేళ్లు వేరుశనగ ఎండిపోతే, అనంతపురంలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో మూటలెత్తడానికి చేరాను. అక్కడి డ్రైవరు ఎర్రిస్వామన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నేర్పాడు. బహుశా నా ప్రశ్నలు పడలేక. గేరు మారిస్తే బండి ఎందుకు మూలుగుతుంది, ఎత్తెక్కేటప్పుడు ఎందుకు వేడెక్కుతుంది అని అడుగుతూనే ఉండేవాణ్ని. తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు.

అన్నింటికంటే వింత, లారీ నీళ్లు తాగడం. డీజిలు తాగుతుందని తెలుసు. రేడియేటరులో కడవెడు నీళ్లు ఉండాలని, తగ్గితే ఇంజను కాలిపోతుందని తెలియదు. మా ఊళ్లో నా భార్య మారెక్క కడవెడు నీళ్ల కోసం కోడి కూయకముందే బావి దగ్గర వరసలో నిలబడేది. ఆ కడవెడూ ఇనుము తాగేస్తుందంటే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఎనభై మూడు ఏప్రిల్‌లో లైసెన్సు చేతికొచ్చింది. ఇక కంపెనీ పరీక్ష. సరుకుతో రాయదుర్గం దాకా నేనే తోలాలి, ఎర్రిస్వామన్న పక్కన కూర్చుంటాడు. తిరిగొచ్చేలోపు ఆయన సరే అంటే డ్రైవరుని, లేదంటే మళ్లీ మూటలే.

పొద్దున్నే రేడియేటరు, వెంట ఉండే డబ్బా నింపమన్నాడు. పంపు దగ్గర ఆడవాళ్లు బిందెలతో బారులు తీరి ఉన్నారు. నాకు దారిచ్చారు గానీ నేను పోసే ప్రతి చెంబునూ చూస్తూనే ఉన్నారు. డబ్బా సగంలోనే వదిలేశాను. రేడియేటరులో ఇంకో రెండు చెంబులు పడతాయనగా చెయ్యి ఆగిపోయింది. ఆ నీళ్లు ఒకామె బిందెలో వంచి మూత బిగించాను. నిండా పోసినావా అని అన్న అడిగితే పోసినానన్నాను. పుణ్యం చేశానని లోపల సంబరం కూడా.

కల్యాణదుర్గం దాటి ఎత్తెక్కుతుంటే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత తాకింది. ఆవిరి బుసకొట్టింది. బండి పక్కకు తీసి ఆపాను. చల్లారాక అన్న గోనెపట్టాతో మూత పట్టి తీసి, లోపలికి చూసి, నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. పొద్దున బిందెలో వంచిన రెండు చెంబుల సంగతి చెప్పేశాను. డబ్బాలో ఉన్నదంతా పోసినా చాలలేదు.

అంతలో తలమీద కడవతో ఒక పెద్దామె వచ్చింది. పేరు బయమ్మట. మైలున్నర దూరంలోని బావి నుంచి మోసుకొస్తోంది. అన్న ఆమెను నీళ్లు అడిగాడు. ఆమె కడవ దించింది. ఒక్క చుక్క నేలపాలు కాకుండా చెంబు కింద అరచెయ్యి పట్టి పోయసాగాను.

"మీ ఊర్లో గూడా నీళ్లు లేవేమప్పా," అంది బయమ్మ. "నువ్వు వంచే తీరు చూస్తేనే తెలుస్తాండాది. భయపడాకు, నిండా పొయ్యి."

కడవ ఖాళీ అయింది. ఆమె దాన్ని చంకనెత్తుకుని మళ్లీ బావి వైపు నడిచింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఆడ రెండు చెంబులు మిగిలిచ్చినావు," అన్నాడు అన్న. "ఈడ ఆయమ్మకు మూడు మైళ్ల నడక పెట్టినావు."

రాయదుర్గంలో సరుకు దించాక రేడియేటరు అంచుదాకా పోశాను. మా డబ్బా నింపాను. అక్కడి గుమాస్తాను బతిమాలి ఇంకో డబ్బా సంపాదించి అదీ నింపాను.

తిరుగుదారిలో బయమ్మ ఇల్లు కనుక్కుని రెండో డబ్బా ఆమె కడవలోకి వంచాను. సగం నిండగానే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"బండికి ఉండాయా?"

"ఉండాయి పెద్దమ్మా. ముందు దానికే పోసినా."

మనిషికంటే ముందు ఇనుముకు పోశానని మా మారెక్కతో ఎలా చెప్పాలి? కడవ నిండేదాకా వంచి, వచ్చి స్టీరింగు పట్టుకున్నాను.

అన్న కిటికీలోంచి బయటకు చూస్తూ, "సరే," అన్నాడు.