వదిన చెప్పిన దొంగకబురు

ఆ నేషనల్ పార్కులో టూరిస్టులను జీపుల్లో తిప్పేవాళ్లకు ఒక కట్టుబాటుంది. చిరుత ఎవరి కంటబడినా సరే, వెంటనే మిగతా డ్రైవర్లకు ఫోన్ కొట్టాలి. ఇవాళ నువ్వు చెబితే రేపు నీకు చెబుతారు. అందరి పొయ్యిలూ దాని మీదే వెలుగుతున్నాయి. దొంగకబురు చెప్పినవాళ్లకు మాత్రం ఇక అక్కడ పుట్టగతులుండవు.

ఆ ఉదయం చిరుత వదిన కంటబడింది. ఆవిడా జీపు డ్రైవరే, తోటి డ్రైవర్లందరికీ వదినే. సొంత మరిది మాత్రం ఒక్కడే, వాడూ జీపే నడుపుతాడు. తల్లి చిరుత ఒక పిల్లను నోట కరుచుకుని బాట దాటుతోంది. సంబరం పట్టలేక వదిన అలవాటుగా ఫోన్లు కొట్టేసింది.

పిల్లను అవతలి బండల్లో దింపి తల్లి వెనక్కి వచ్చేసరికి బాట నిండా జీపులే. పొగ, కెమెరాలు, కేరింతలు! ఇవతలి పొదలో రెండో పిల్ల కుయ్యిమంటోంది. తల్లి ముందుకు రాబోతుంది, హారన్ వినగానే వెనక్కి తగ్గుతుంది. ఈలోగా పొద దగ్గర ఒక నక్క మూతి చాచుకుని తిరుగుతోంది.

వదిన నెత్తి కొట్టుకుంది. 'అయ్యో, నా నోరు పడిపోనూ! ఈ సంతను పిలిచింది నేనే కదా!'

"కాస్త జరగండయ్యా, అది దాటాలి!" అని అరిచింది.

"నీ బండివాళ్లు ఫోటోలు తీసుకున్నారుగా, మావాళ్లు తీసుకోవద్దూ?" అన్నాడు పక్క జీపతను.

అదీ నిజమే మరి! ఇక లాభం లేదని వదిన ఫోన్ చెవికి ఆనించుకుని గొంతు పెంచింది. "ఏంటీ? చెరువు దగ్గరా? రెండు చిరుతలా? కొట్టుకుంటున్నాయా?" అంటూ బండి తిప్పేసింది. జీపులన్నీ ఎగబడి ఆవిడ వెంట పరుగెత్తాయి.

చెరువు దగ్గర నాలుగు కొంగలున్నాయి.

"ఇంటిమనిషినన్న జాలైనా లేదా వదినా? మా బండివాళ్లు నన్ను నమిలేస్తున్నారు!" అని మరిది మండిపడ్డాడు.

"అబద్ధమే చెప్పాను. ఆ తల్లి దాటాలిరా! ఇక మీరెవరూ నాకు ఫోన్ కొట్టకపోయినా సరే" అంది వదిన.

నిజంగానే ఆ రోజంతా ఎవరూ కొట్టలేదు. దానికి బాధ లేదుగానీ, నక్క ముందు చేరిందో తల్లి ముందు చేరిందో తెలియక ఆవిడకు ముద్ద దిగలేదు.

మర్నాడు వెళ్లేసరికి మరిది జీపు బాటకు అడ్డంగా నిలబడి ఉంది. దాని వెనక మిగతా బండ్లు బారు తీరి ఉన్నాయి. వాడు వేలు నోటి మీద పెట్టుకుని వచ్చాడు.

"ఇంజిన్ ఆపు వదినా. ఇక ఎవరైనా ఇక్కణ్నించే చూడాలి. కాదంటే నా బండి మీంచి పోవాలి."

వదిన బండల వైపు చూసింది. తల్లి పడుకుని ఉంది. ఒక పిల్ల దాని తోకతో ఆడుకుంటోంది. ఒక్కటే! ఆవిడ రెండోదాని కోసం బండల సందులన్నీ వెతికింది.

"కంగారు పడకు, చెవి దగ్గర చూడు" అన్నాడు మరిది.

రెండోది తల్లి మెడ మీదికెక్కి చెవి కొరుకుతోంది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చేసింది.