మూడోసారి చేసిన సైగ

ఫిబ్రవరి మొదటి వారం. ఒకినావా దీవిలోని బేస్‌బాల్ శిక్షణ శిబిరంలో పిచర్ల బ్యాట్లన్నీ పోగుచేసి ఒక చెక్కపెట్టెలో పడేశారు. మార్చి ఆఖరున మొదలయ్యే సీజన్ నుంచి వాళ్లు ఆడే లీగులో పిచర్లు బ్యాటింగుకు దిగనక్కర్లేదు. బంతి విసిరేవాడు విసిరితే చాలు, వాడి బదులు కొట్టడానికి వేరే మనిషి ఉంటాడు. తాతల కాలం నుంచి వస్తున్న పద్ధతి మారిపోతోంది.

ముప్పై ఆరేళ్ల పిచర్ ఒకడు తన బ్యాట్‌ని పెట్టెలో వేసే ముందు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. "తొమ్మిదేళ్లలో మూడే మూడు హిట్లు కొట్టావు తల్లీ. ఇక హాయిగా పడుకో" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

నిరసావా కెంకిచి కూడా నవ్వాడు. ఆయనకి యాభై మూడేళ్లు. ఒకప్పుడు ఈ జట్టుకే క్యాచర్, ఇప్పుడు క్యాచర్లకి శిక్షణ ఇచ్చే కోచ్. పిచర్ ఎలాంటి బంతి వెయ్యాలో క్యాచర్ వేళ్లతో చెప్పే సైగల జాబితాని కొత్త నిబంధనకు తగ్గట్టు తిరగరాయడం ఆయన పని. అవతలి పిచర్ బ్యాట్ పట్టుకుని వచ్చినప్పుడు వాడే సైగలు ఇక అనవసరం. కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తున్నాడు.

పక్కన కూర్చున్న ఉజిహారా తొంగిచూశాడు. జట్టు ప్రధాన క్యాచర్ అతనే. ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి.

"మంచిదే కదా కోచ్ గారూ. ఇక మన పిచర్లకి అడ్డేముంది? ఎవడి పక్కటెముక విరగ్గొట్టినా పోయి బెంచీ మీద కూచోవచ్చు. పగ తీర్చుకుందామంటే అవతలివాళ్లకి మనవాడు బ్యాట్‌తో దొరకడుగా!"

మళ్లీ నవ్వులు. నిరసావా పెన్ను జాబితాలో చివరి సైగ దగ్గర ఆగిపోయింది. బొటనవేలు. 'ఒంటికి తగిలేలా వెయ్యి' అని దాని అర్థం. దాన్ని ఎవరూ నోటితో పలకరు. కాగితం మీద కూడా బొమ్మే తప్ప అక్షరం ఉండదు.

"ఏంటి కోచ్ గారూ, అక్కడే ఆగిపోయారు?" అన్నాడు ఉజిహారా.

"కాఫీ తాగొస్తా" అని నిరసావా లేచి బయటికి వెళ్లిపోయాడు.

పదిహేడేళ్ల కిందట, ఒక ఆగస్టు ఆదివారం, పట్టపగలు. అవతలి జట్టు పిచర్ తోకురా వేసిన బంతి నిరసావా వాళ్ల జట్టు పెద్ద బ్యాటర్ మణికట్టు విరగ్గొట్టింది. కావాలని వేశాడో లేదో ఎవరికీ తెలియదు. రెండు ఇన్నింగ్సుల తర్వాత అదే తోకురా, పిచర్లు మామూలుగా దిగే తొమ్మిదో స్థానంలో బ్యాట్ పట్టుకుని వచ్చాడు. అప్పుడు ఇటువైపు బంతి విసరడానికి మట్టిదిబ్బ మీద ఉన్నవాడు గిమా తొమొహిసా. ఇరవయ్యొక్కేళ్లు. ఒకినావా వాడు. నిరసావాని "అన్నా" అంటూ తోకలా వెంట తిరిగేవాడు.

మేనేజర్ ఏమీ చెప్పలేదు. బెంచీ నుంచి ఏ ఆజ్ఞా రాలేదు. అప్పటికింకా క్యాచర్‌గా ఆడుతున్న నిరసావాయే బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని, తొడల మధ్య బొటనవేలు చూపించాడు.

గిమా తల అడ్డంగా ఊపాడు.

నిరసావా మళ్లీ చూపించాడు. గిమా మళ్లీ ఊపాడు. మూడోసారి బొటనవేలు చూపించి, ఎడమచేతి గ్లవ్‌ను నేలకేసి కొట్టాడు నిరసావా. పిల్లాడి మొహంలో రంగు పోయింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని విసిరాడు.

డొక్కలో తగలాల్సింది. కొట్టడం చేతకాని తోకురా తప్పుకోబోయి ముందుకు వంగాడు. బంతి చెవి దగ్గర, హెల్మెట్ అంచు కింద తగిలింది. ఎండుకొమ్మ విరిగినట్టు ఓ చప్పుడు. తర్వాత నలభై వేలమంది ఉన్న మైదానంలో ఏ చప్పుడూ లేదు.

తలకి వేసినందుకు గిమాని అప్పటికప్పుడు ఆటలోంచి పంపించేశారు. ఆట అయ్యాక విలేకరులు నిరసావాని చుట్టుముట్టారు. "చెయ్యి జారింది. కుర్రాడు కదా, బెదిరిపోయాడు" అన్నాడాయన.

తోకురా నాలుగు నెలల్లో కోలుకున్నాడు. ఆ తర్వాత పదకొండు సీజన్లు ఆడాడు. ఇప్పుడు టీవీలో వ్యాఖ్యానం చెబుతూ, ఆ దెబ్బ కథని నవ్వుతూ చెప్పుకుంటాడు. పాడైపోయింది గిమా. ముందు బ్యాటర్‌కి దగ్గరగా వెయ్యలేకపోయాడు. తర్వాత సూటిగా వెయ్యడమే పోయింది. బంతులు క్యాచర్ నెత్తి మీదుగా వెనక వలకి పోయి తగిలేవి. రెండేళ్లకి జట్టు వదిలి ఊరెళ్లిపోయాడు.

అప్పటినుంచే మొదలైంది. అవతలి పిచర్ బ్యాట్ పట్టుకుని వచ్చాడంటే చాలు, దిబ్బ మీద ఎవరున్నా నిరసావాకి గిమాయే కనబడతాడు. ఎండలో, అంతమంది మధ్య, ఇరవయ్యొక్కేళ్ల మొహంతో. తల ఒకసారి అడ్డంగా ఊపుతాడు. ఇంకోసారి ఊపుతాడు. మూడోసారి ఊపడు, ఊరికే చూస్తాడు. ఆట మానేసి కోచ్ అయ్యాక కూడా పోలేదు. బెంచీలో కూర్చుని, తొమ్మిదో బ్యాటర్ వచ్చే వేళకి చూపు నేలమీదికి దించేసుకునేవాడు. అయినా ఎదురుగా ఎవరో నిలబడ్డారని ఒంటికి తెలుస్తూనే ఉండేది.

చచ్చినవాళ్లకంటే బతికున్నవాళ్ల ఉసురే చెడ్డదని, అది కాళ్లొచ్చి నడుస్తుందని వాళ్లమ్మ అంటుండేది. గిమా ఉసురే తనని పట్టుకుందని నిరసావా నమ్మాడు. ఇప్పుడు లీగులో ఏ పిచరూ బ్యాట్ పట్టుకుని రాడు. తొమ్మిదో స్థానంలో కొట్టడం వచ్చినవాడు వస్తాడు. అలాంటప్పుడు ఆ పిల్లాడు ఎప్పుడు కనబడాలి? అసలు కనబడడా? లేక వేళంటూ లేకుండా ఎప్పుడుబడితే అప్పుడు వస్తాడా? నాలుగు రోజులు ఇదే ఆలోచన. అన్నం సయించలేదు.

శిబిరానికి సెలవిచ్చిన రోజున ట్యాక్సీ ఎక్కి దక్షిణాన ఉన్న రేవుకి వెళ్లాడు.

గిమా గట్టు మీద సముద్రపు నాచు పెంచే వలల్ని కడుగుతున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు. ఒళ్లు బరువెక్కింది, చెంపలు ఎండకి నల్లబడ్డాయి. దిబ్బ మీద కనబడే పిల్లాడికీ ఇతనికీ పోలికే లేదు. తలెత్తి చూసి వెంటనే గుర్తుపట్టాడు.

"నిరసావా గారు" అన్నాడు. "అన్నా" అనలేదు.

"ఎలా ఉన్నావు?"

"కనిపిస్తూనే ఉందిగా. ఆ కొస కాస్త పట్టుకోండి, గాలికి పోతోంది."

నిరసావా వల కొస పట్టుకున్నాడు. చల్లటి నీళ్లు చొక్కా చేతుల్లోకి కారాయి.

"పిచర్లు ఇక బ్యాట్ పట్టరటగా. రేడియోలో విన్నాను" అన్నాడు గిమా.

"అందుకే వచ్చాను."

"అందుకా? నేను ఊరొచ్చేసిన పదిహేనేళ్లుగా ప్రతి ఫిబ్రవరిలో ఈ దీవికి వస్తూనే ఉన్నారు. శిబిరం నుంచి ఇక్కడికి ముప్పావు గంట దారి."

నిరసావా వల వదలకుండానే నడుం వంచి తల దించాడు. "ఆ సైగ నాది. ఎవరూ చెయ్యమనలేదు. నువ్వు రెండుసార్లు వద్దన్నావు. నేనే..."

"నాకు తెలీదా? చూసింది నేనే కదా" గిమా బ్రష్ పక్కన పెట్టాడు. "సైగ సంగతి వదిలెయ్యండి. విసిరిన చెయ్యి నాది. మూడోసారి కూడా తల అడ్డంగా ఊపాల్సింది, ఊపలేదు. అది నా వంతు, నేను మోశాను. ఆ సాయంత్రం బస్సులో నా పక్క సీటు ఖాళీగా పెట్టాను, గుర్తుందా? ఎవరో కూచోబోతే, ఆగండి, అన్న వస్తాడు అన్నాను. మీరొచ్చి ముందు వరసలో కూచున్నారు. హోటల్ దాకా మీ మెడ వెనకభాగమే చూస్తూ వచ్చాను. ఊరందరికీ చెప్పక్కర్లేదండీ. నేనే వెయ్యమన్నానురా అని నాతో ఒక్క ముక్క అంటే సరిపోయేది. నా చెయ్యి నిలబడేదేమో."

పక్కనే ఉన్న ఇంట్లోంచి గిమా తల్లి, ఓ ముసలావిడ, టీ, అందాగీలనే వేడివేడి తీపి ఉండలు తెచ్చి గట్టు మీద పెట్టింది. "తినండి, దూరం నుంచి వచ్చారు. మావాడితో ఆడినవారా?"

"అవునమ్మా. క్యాచర్" అన్నాడు గిమా.

ఆవిడ ఒక్క క్షణం నిరసావా మొహంలోకి చూసి లోపలికి వెళ్లిపోయింది.

నిరసావా ఉండబట్టలేక అడిగేశాడు. "నువ్వు నన్ను తిట్టుకుంటూ ఉంటావా? ఇప్పటికీ?"

గిమా నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మిమ్మల్నా? మొదట్లో తిట్టుకున్నాను. ఆ తర్వాత తలుచుకోవడమే మానేశాను. నాచుకి తెగులొచ్చింది, నాన్న పోయాడు, పిల్లలు పుట్టారు. మీకోసం తీరికెక్కడిది?"

తిరుగు ప్రయాణంలో ట్యాక్సీలో కూర్చున్నాక నిరసావాకి అర్థమైంది. అది గిమా ఉసురు కాదు. గిమా ఎవర్నీ పంపలేదు. ఇన్నేళ్లుగా ఆ పిల్లాణ్ణి చెయ్యి పట్టి తీసుకొచ్చి ఎండలో నిలబెడుతున్నది తనే.

మర్నాడు పొద్దున కాగితం మీద బొటనవేలి బొమ్మని అడ్డంగా కొట్టేశాడు. ఉజిహారా చూసి, "దాన్ని ఎటూ ఎవరూ వాడట్లేదు కదా కోచ్ గారూ" అన్నాడు.

"వాడకపోతే ఇన్నేళ్లు కాగితం మీద ఎందుకుంది?"

ఉజిహారా గ్లవ్ తీసుకుని మైదానంలోకి వెళ్లిపోయాడు.

పదింటికి విలేకరులు వచ్చారు. వాళ్లతో పాటు టీవీ తరఫున తోకురా కూడా వచ్చాడు. కొత్త నిబంధన మీద అందరి అభిప్రాయాలూ అడుగుతూ, నిరసావా దగ్గరికి రాగానే తన చెవి తడుముకుంటూ నవ్వాడు. "ఈ రూలు అప్పుడే ఉంటే నా చెవి బతికిపోయేది, ఏమంటావు నిరసావా?"

"ఆ బంతి నేనే వెయ్యమన్నాను" అన్నాడు నిరసావా. "గిమా రెండుసార్లు వద్దన్నాడు. చెయ్యి జారిందని నేను మీ అందరికీ అబద్ధం చెప్పాను."

తోకురా నవ్వు ఇంకా మొహమ్మీద ఉంది. తర్వాత మైకు కిందికి దించేశాడు.

"గిమాకి ప్రతి కొత్త సంవత్సరానికీ కార్డు రాసేవాణ్ణి నేను" అన్నాడు మెల్లగా. "చెయ్యి జారితే నీ తప్పేముంది, మనసులో పెట్టుకోకు అని. ఏడేళ్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. పొగరనుకున్నాను. పుండు మీద ఉప్పు చల్లానన్నమాట. నాచేత కూడా చల్లించావు కదయ్యా."

వార్త పేపర్లో చిన్న కాలమ్‌గా వచ్చింది. అదే రోజు యాజమాన్యం నిరసావాని పిలిచి, ప్రధాన జట్టు నుంచి తప్పించి రెండో జట్టుకి పంపుతున్నామని చెప్పింది. ఆయన తల వంచి నమస్కరించి వచ్చేశాడు.

రెండో జట్టు మైదానం నది పక్కన ఉంటుంది. ప్రేక్షకులు రెండొందలమంది కూడా ఉండరు. మార్చిలో అక్కడ ఆడిన మొదటి ఆటలో తొమ్మిదో బ్యాటర్‌గా బలమైనవాడొకడు దిగాడు. నిరసావా ఈసారి చూపు దించుకోలేదు. దిబ్బ మీద, విసరాల్సిన మనిషే ఉన్నాడు. ఆట అయ్యేవరకూ వేరే ఎవరూ రాలేదు. ఊరట కలుగుతుందనుకున్నాడు గాని, ఏళ్లతరబడి అద్దెకున్నవాళ్లు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసిపోయిన గదిలో నిలబడ్డట్టు అనిపించింది.

మరో వారానికి, మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ మోగింది. గిమా.

"ఆ పేపరు మా రేవులో అందరూ చదివారు. అమ్మ రెండుసార్లు చదివింది. మిమ్మల్నొక మాట అడగమని అప్పట్నుంచి నా ప్రాణం తోడేస్తోంది."

"అడుగు."

"నాన్న పోయి ఆరేళ్లయింది. మావాడికి గుండెధైర్యం లేదు, నలుగురి ముందూ బెదిరిపోయి చెయ్యి జార్చుకున్నాడు అని పడవల దగ్గర చెప్పుకుని బాధపడేవాడు. చివరిదాకా అదే నమ్మాడు. ఈ చెప్పేదేదో ఆయన బతికుండగా చెప్పకూడదా, అని అమ్మ అడుగుతోంది."

ఫోన్‌లో అవతల గాలి, పడవ ఇంజను చప్పుడు వినిపిస్తున్నాయి. గిమా తొందరపెట్టలేదు.

"సరే అండీ. అల తగ్గింది, పడవ తియ్యాలి" అని చివరికి తనే పెట్టేశాడు.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే పట్టుకుని, ఆ ముసలావిడకి ఏం చెప్పాలో ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని నిరసావా వెతుకుతూనే ఉన్నాడు.