నిమిషానికి తొంభై మాటలు

నేను ఒక చిన్న కథల పుస్తకాన్ని. పదహారు పేజీలు, రెండు పిన్నులు, అట్ట మీద కుమ్మరి సోములమ్మ బొమ్మ. అచ్చాఫీసులో నాతోపాటు పుట్టినవాళ్లు రెండు వేలమంది. కట్టలు కట్టి తలో బడికీ పంపారు. నేను చేరింది సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట బడికి. అక్కడ మూడేళ్లు ఇనప్పెట్టెలో పడుకున్నాను. పిల్లలు ముట్టుకుంటే చిరిగిపోతానని హెడ్మాస్టరు అప్పలనర్సయ్యగారి భయం. పుస్తకాలంటే మనుషులకు అంత గౌరవం!

విశాలాక్షి టీచరు ఆ బడికి వచ్చాకే నాకు గాలి తగిలింది. ఆమె నన్ను తీసి నాలుగో తరగతి నూకరత్నం చేతిలో పెట్టింది. రత్నం చదువుతుంటే మురిసిపోయాను. ఒత్తు జారదు, దీర్ఘం తప్పదు.

"ఆకాశం నల్లబడింది. సోములమ్మ పచ్చి కుండలన్నీ గబగబా ఇంట్లోకి చేర్చింది."

"ఎందుకు చేర్చిందే?" అని టీచరు అడిగింది.

రత్నం ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివింది, ఇంకాస్త గట్టిగా. టీచరు మళ్లీ అదే అడిగింది. పిల్ల వేలు నా పేజీ మీద పైనుంచి కిందిదాకా వెతికింది.

"ఇందులో రాయలేదు టీచరమ్మా" అంది ఏడుపు గొంతుతో.

నిజమే. వాన అన్న మాట నాలో ఎక్కడా లేదు. రాసినాయన దాన్ని చదివేవాళ్లకు వదిలేశాడు. నా అక్షరాలన్నీ ఆ పిల్ల నాలుక మీద ఉన్నాయి, నేను మాత్రం గొంతు దిగలేదు. చెబుదామంటే నాకున్న నోరు ఆమె నోరే.

టీచరు కసరలేదు. నన్ను మూసి పక్కన పెట్టింది.

"మీ అమ్మ ఇసకలో చేపలు ఎండేసినప్పుడు మబ్బు పడితే ఏం చేస్తుంది?"

"గబగబా ఎత్తేస్తాది. వానొస్తే పాడైపోవేటి?"

"మరి సోములమ్మ?"

రత్నం నా అట్ట మీది సోములమ్మ బొమ్మ వైపు చూసింది. ఉన్నట్టుండి కళ్లు పెద్దవి చేసింది. "ఓలమ్మో! పచ్చి కుండలు కరిగిపోతాయి టీచరమ్మా!" అంటూ నన్ను లాక్కుంది.

ఆ తరవాత రెండు నెలలు రోజూ నాలుగు వాక్యాలు చదవడం, ఆగడం, చదివింది సొంత మాటల్లో చెప్పడం. కొన్ని రోజులు చెప్పగలిగేది, కొన్ని రోజులు చెప్పలేక పిల్ల తల పట్టుకునేది. చదివే వేగం మాత్రం తగ్గింది.

అప్పుడే పరీక్షించడానికి ఒక అధికారి వచ్చాడు. సెల్‌ఫోనులో నిమిషం పెట్టి చదవమన్నాడు. "సోములమ్మ కొడుకు ఆ పూట కూడు ముట్టలేదు" అన్నచోట రత్నం ఆగిపోయింది.

"ఈడికి అమ్మ మీద కోపమా సారూ, దిగులా?"

"చదువమ్మా, టైమైపోతోంది."

నిమిషానికి నలభై ఒక్క మాటలొచ్చాయి. అంతకుముందు ఏడాది ఇదే పిల్లకు తొంభై వచ్చాయట. రిజిస్టరులో 'వెనకబడింది' అని రాసుకున్నాడు. టీచరు ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే ఇంకో పిల్లను పిలిచాడు.

"ఉన్న చదువు కూడా పోగొట్టారు కదమ్మా!" అన్నారు అప్పలనర్సయ్యగారు టీచరుతో.

వారం తిరక్కుండా విశాలాక్షి టీచరును సర్దుబాటు పేరుతో ఇంకో ఊరి బడికి పంపారు. ఇక హెడ్మాస్టరే పొద్దున్నే గడియారం ముందు పెట్టుకుని రత్నం చేత చదివించేవారు. చెడ్డవాడేం కాదు, పిల్ల పైకి రావాలనే ఆయన తపన. ఆగితే బల్ల మీద తట్టేవారు. యాభై, డెబ్బై, తొంభై. అడగడం మానేసింది రత్నం. ఆమె చేతుల్లోనే ఉండి కూడా నేను ఏమీ చేయలేకపోయాను.

బడి వార్షికోత్సవం నాడు స్టేజీ ఎక్కించి నన్ను మొదటి నుంచి చివరిదాకా చదివించారు. ఎక్కడా తడబడలేదు. "ఏరు పొంగింది. కుండలతోపాటు కొడుకునూ తీసుకుపోయింది" అన్న వాక్యాన్ని కూడా అదే వేగంతో, అదే నవ్వు ముఖంతో చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఆమె తల్లి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

స్టేజీ దిగగానే కూతురిని దగ్గరకు లాక్కుని అడిగింది: "ఆ తల్లి ఇంకెలా బతికినాదే, పాపం?"

రత్నం నన్ను చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏ తల్లి?" అంది. "నాను సదివినాను గానీ, ఇనలేదే అమ్మా."