కొలిమి దగ్గర చోటు

లోవ్రో ఎడమకన్ను కూడా చలికాలం దాకా ఆగదని డాక్టరు చెప్పేశాడు. కుడికన్ను ఏడేళ్ల వయసులోనే మేకుల కొలిమి దగ్గర పోయింది. చూపుండగా ఆ కొలిమిలో మంట ఒక్కసారి చూడాలని పట్టుబట్టాడాయన. వాళ్ల ఊరు ఇప్పుడు మ్యూజియం అయిపోయింది. మసిగోడలకు సున్నం కొట్టి, గడపగడపకీ పలక తగిలించారు. కొలిమి మాత్రం ఏడాదికొక్కరోజు, జూలైలో వెలిగిస్తారు.

అక్క ఉర్షాకి ఎనభై దగ్గరపడ్డాయి. అయినా ఏర్పాట్లన్నీ తనే చూసింది. క్రాన్ పట్నంలో ఏ బస్సెక్కాలి, కొలిమిలోకి దిగే మెట్లెన్ని, లోవ్రో కూతురు నేజా తండ్రిని పట్టుకుని దింపగలదా, అన్నీ కనుక్కుని, మ్యూజియం వాళ్లకి ఫోన్లో ముగ్గురి పేర్లూ రాయించింది. ఆ సాయంత్రమే లోవ్రో వచ్చి ఆమె వంటగదిలో కూర్చున్నాడు.

"దారిలోకి అక్రోటు రొట్టె చెయ్యక్కా. పోయినసారి లాంటిది వద్దు, దాంతో మేకులు దిగ్గొట్టొచ్చు."

ఉర్షా నవ్వింది. ఆయన తను ఎక్కడ నిలబడాలో చెబుతుంటే ఆమె కాగితం మీద రాసుకోసాగింది. ఆ రోజుల్లో ఒక్కో కొలిమి చుట్టూ ఆరుగురు నిలబడేవారు, ఇనుము పెట్టి కొట్టడానికి ఎవరి దాగలి వాళ్లది. ఒకసారి చోటు పోగొట్టుకున్నవాణ్ణి ఊళ్లో మరే కొలిమీ చేర్చుకోదు.

"నన్ను మన చోట్లోనే నిలబెట్టు. పక్కన ఆ చెయ్యి కుదురులేని యెర్నేయ్‌గాడి చోటుంటుంది, అటు మాత్రం తిప్పకు."

ఉర్షా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. కాలుతున్న మేకు కొస ఎగిరి తమ్ముడి కంట్లో పడ్డ రోజు, అది యెర్నేయ్ పనేనని నాన్న వాణ్ణి మెడపట్టి కొలిమిలోంచి గెంటేశాడు. అప్పటికి వాడు పద్నాలుగేళ్లవాడు. బతికినన్నాళ్లూ అడవిలో బొగ్గు మోశాడు.

"అది వాడు కోసిన ముక్క కాదురా. నాది, మన దాగలి మీద నేను కోసింది. నాన్నకి భయపడి నోరు మూసుకున్నాను."

లోవ్రో కుడికంటి రెప్పని వేలితో తడుముకున్నాడు.

"పోయిన కన్ను ఎలాగూ పోయింది. నువ్వూ పిల్లవే అప్పుడు."

ఉర్షా ఊపిరి పీల్చుకుంది. కానీ ఆయన మాట అక్కడితో ఆగలేదు.

"చచ్చిపోయే ముందు యెర్నేయ్ నాకు కబురు పెట్టాడు, ఒక్కసారి వచ్చి పొమ్మని. ఈ బల్ల దగ్గరే నిన్నడిగాను. వెళ్లొద్దన్నావు. అప్పటికి నీకు యాభై ఏళ్లు, అక్కా."

ఆయన గోడ తడుముకుంటూ లేచాడు. "నేజాతో వెళ్తాలే" అని, కోటు గుండీలైనా పెట్టుకోకుండా వెళ్లిపోయాడు.

తెల్లారాక ఉర్షా మ్యూజియానికి ఫోన్ చేసి తన పేరు కొట్టేయించింది. పెట్టేయబోతూ, ఫోనెత్తిన అమ్మాయిని కాస్త ఆగమంది.

"మా తమ్ముణ్ణి గాలి కొట్టే తిత్తి పక్కన నిలబెట్టమ్మా. మేకు ముక్కలు అటు ఎగరవు. మంట బాగా కనిపిస్తుంది."