‘కానీ’ తర్వాత మాట

“వడ్డిస్తూ చెప్పు, టైం కలిసొస్తుంది” అన్నాడు మా ఆయన, కంచం ముందుకు లాక్కుని.

మా ఇంట్లో భోజనాల దగ్గర నడిచేది కబుర్లు కాదు, కన్సల్టేషన్. గ్యారేజీలో ఎవరు ఏమడిగినా ఆయన “ఆలోచించి రేపు చెప్తాను” అంటాడు. ఆ ఆలోచన నా వంతు. కాలేజీలోనూ ఇంతే. ఇంజిన్ల పేపరుకి నేను చదివి వినిపిస్తే ఆయన పాసయ్యేవాడు. అప్పుడది ప్రేమ అనుకున్నాను. పెళ్ళయిన కొత్తలో గ్యారేజీలో నేనూ చేతులు నల్లగా చేసుకునేదాన్ని. “బోర్డు మీద ఉన్నది వాడి పేరమ్మా. నువ్వు నోరు విప్పితే వాడికి రాదనుకుంటారు” అన్నారు అత్తగారు, నా గోళ్ళకేసి చూస్తూ. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ప్రేమగా చెప్పారు కాబట్టి లోపలికొచ్చేశాను. గ్యారేజీకీ వంటింటికీ మధ్య ఒకే గోడ, ఒకే తలుపు. అటునుంచి ఆయిల్ వాసన ఇటొస్తుంది, ఇటునుంచి జవాబు అటు వెళ్తుంది.

ఈసారి ప్రశ్న ఒక రేసు డ్రైవరుది. కొండదారి మీద ఒక్కొక్క కారునే వదిలి, టైము చూసే పందెం. పోయినసారి ఆవిడ రెప్పపాటు తేడాతో రెండో స్థానంలో ఆగిపోయింది. ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే సూపర్‌చార్జర్ పెట్టించుకోవాలనుకుంటోంది. ఏ రకం?

“అన్నిటికన్నా ఎక్కువ పవర్ చూపించేది సెంట్రిఫ్యూగల్. గాలి అంతగా వేడెక్కదు, బిగించడమూ తేలిక” అన్నాను. అంతలో ఫోన్ మోగింది. “సరే, అర్థమైంది” అంటూ ఆయన లేచి వెళ్ళిపోయాడు. నా వాక్యంలో ‘కానీ’ ఇంకా రానేలేదు.

తెల్లారి గిన్నెలు తోముతుంటే తలుపు అవతల ఆయన గొంతు. “మేడమ్, మీకు సెంట్రిఫ్యూగలే కరెక్టు. అన్నిటికన్నా ఎక్కువ పవర్. గాలి అంతగా వేడెక్కదు. బిగించడమూ తేలిక.”

నా మాటలే, నా వరసలోనే. నా చెయ్యి ఆగిపోయింది. సెంట్రిఫ్యూగల్ అనేది ఇంజిన్ జోరుగా తిరిగితే గానీ గాలిని గట్టిగా తొయ్యదు. పొడుగాటి తిన్నని రోడ్డుకి అది రాజు. కొండమీద ప్రతి మలుపులోనూ ఇంజిన్ వేగం పడిపోతుంది. అది మళ్ళీ అందుకునేలోపు ఇంకో మలుపు వచ్చేస్తుంది. ఆవిడకి కావాల్సింది ట్విన్ స్క్రూ. పెనవేసుకుని తిరిగే రెండు మరలు, ఇంజిన్ నెమ్మదిగా ఉన్నప్పుడే గాలి నింపేస్తాయి.

“అయితే ఇవాళే పని మొదలెట్టండి సార్” అంటోంది డ్రైవరు. “ఈసారీ రెండో స్థానమే వస్తే మా టీములో నా సీటు ఇంకొకరికిచ్చేస్తారు. ముందే చెప్పేశారు మహానుభావులు!” నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే.

ఇలాంటప్పటికి మాకో ఏర్పాటు ఉంది. నేను “ఏమండీ, ఒకసారి” అని పిలుస్తాను. ఆయన లోపలికొస్తాడు. చెవిలో వేస్తాను. బయటికెళ్ళి “ఇంకోసారి ఆలోచిస్తే మేడమ్...” అని అందుకుంటాడు. దాంతో ఆయనకి జాగ్రత్తపరుడని పేరు కూడా వచ్చింది.

పిలిచాను. వచ్చాడు.

“ఏంటి, తప్పా?” అన్నాడు గుసగుసగా.

“సగం.”

“మిగతా సగం త్వరగా చెప్పవే బాబూ, ఆవిడ నిలబడి ఉంది.”

మా ఆయన చెడ్డవాడేం కాదు. నా జవాబు లేకపోతే తన బోర్డు నిలవదని ఆయనకి తెలుసు. తెలిసే, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా “మా ఆవిడ చెప్పింది” అనలేదు. ఇప్పుడు చెప్పేస్తే ఆవిడా గెలుస్తుంది, ఈయనా గెలుస్తాడు. చెప్పకపోతే ఆవిడ సీటు పోతుంది. అలా ఊరుకోవడం నావల్ల కాదు. చెప్పడం, మానడం, ఈ రెండే ఉన్నాయనుకుంటూ వచ్చాను. మూడో దారి తలుపంత వెడల్పుగా తెరిచే ఉందని ఆ పూటే చూశాను.

చేతులు తుడుచుకున్నాను. “మీకు చెప్పను. ఆవిడకే చెప్తాను.”

“పిచ్చా నీకు? నా పరువేం కావాలి?”

“మీరూ వచ్చి వినండి.”

వెళ్ళాను. రెండు రకాలూ చెప్పాను. ట్విన్ స్క్రూతో పై వేగంలో పవర్ కాస్త తగ్గుతుందనీ, గాలిని చల్లబరిచే ఏర్పాటు తప్పనిసరనీ, బానెట్ ఎత్తు పెంచాల్సి రావచ్చనీ దాచకుండా చెప్పాను. డ్రైవరు చివరిదాకా వింది.

“కొండమీద టైమే చూస్తారండీ, పవర్ ఎంతో ఎవరడుగుతారు?” అంది. “అదే పెట్టండి. ఇంజిన్ విప్పేటప్పుడు మీరుంటారుగా?”

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

“నేనే విప్పుతాను” అన్నాను.

లోపలినుంచి అత్తగారి కేక. “అమ్మాయ్, పొయ్యిమీద ఏదో మాడుతోందే!”

“మీ అబ్బాయి వస్తున్నాడత్తయ్యా!” అని అరిచి, స్పానర్ల పెట్టె తెరిచాను.